కుక్కర్ మూత ఎంత ఎత్తు ఎగిరింది?

మాట్లాడకుండానే జీవితం గడిపేయవచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులవి. చదువయ్యాక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఉద్యోగం వెతుక్కున్నది కూడా అందుకే. అక్కడికి వచ్చేవాళ్లు దవడ పట్టుకుని వస్తారు, నోటినిండా దూది పెట్టుకుని వెళ్తారు; కబుర్లు చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. నాకంతకంటే ఏం కావాలి? ఇంటికి రాగానే తలుపు దగ్గరగా వేసుకుని డైరీ తెరిస్తే మాత్రం నా అంత వాగుడుకాయ చిలకలగూడలోనే ఉండేది కాదు. బస్సులో పక్క సీటామె చెవిపోగు దగ్గర మొదలుపెట్టి, ఆమె అత్తగారిదాకా (అత్తగారిని నేను చూడలేదు, అయినా సరే) రాసుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ పిల్లకి పుస్తకం రాయాలనే కోరిక ఉందని ఎవరైనా పసిగడితే స్టేషన్‌కి పరుగెత్తి, ముందు ఏ రైలొస్తే అదెక్కి పారిపోయేది.

ఆ కోరిక ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. మా వీధి చర్చి ఆడవాళ్లు శనివారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. చాపలు పరుస్తారు, పాటలు పాడతారు, చివర్లో సాక్ష్యాలు చెబుతారు. సాక్ష్యమంటే దేవుడు తనని ఏ కష్టంలోంచి ఎలా గట్టెక్కించాడో లేచి నిలబడి అందరికీ చెప్పడం. చిన్నప్పుడు నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. పాటలప్పుడు నిద్రపోయి, సాక్ష్యాల వేళకి ఠక్కున లేచి కూర్చునేదాన్ని. ముఖ్యంగా కుక్కర్ ఆంటీ సాక్ష్యానికి.

కుక్కర్ ఆంటీకి అసలు పేరు ఉంది కానీ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. పెళ్లైన కొత్తల్లో ఆమె వంటింట్లో కుక్కర్ పేలింది. ఆ క్షణంలో ఆమె వంటింట్లో లేదు కాబట్టి బతికింది. ఇంతే సాక్ష్యం. కానీ ఆమె చెబుతుంటే వినాలి. "గా నిమిషంల నేను పొయ్యి కాడ ఉంటినా, ఈ దినం మీ ముందల నిలబడకపోదును తల్లీ!" అంటూ చెయ్యి పైకెత్తేది. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఆ కుక్కర్ మూత ఇంటి పైకప్పుకి తగిలి కిందపడింది. నేను పెద్దదాన్నవుతున్నకొద్దీ మూత రేకుల్ని చీల్చుకుంది, పక్కింటి చింతచెట్టు దాటింది, నేను పదో తరగతికి వచ్చేసరికి రైలు పట్టాల అవతలికి వెళ్లి పడింది. ఎవరూ అడ్డు చెప్పేవాళ్లు కాదు. నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. మాటలతో మూతని అంత ఎత్తుకి లేపవచ్చా అని నాకు ఒళ్లు పులకరించేది.

ఆమె కాళ్ల దగ్గర చాప మీద కూర్చునేదాన్ని కాబట్టి నాకు ఇంకొకటి కూడా కనిపించేది. ఆ సమయానికి వంటింట్లోంచి బయటికి ఎందుకు వెళ్లిందో చెప్పేటప్పుడు ఆంటీ నేలకేసి చూసేది. మిగతా కథంతా మా కళ్లలోకి చూస్తూ చెప్పే మనిషి, అక్కడ మాత్రం గొంతు తగ్గించి, గాజు తిప్పుకుంటూ దాటేసేది. పైగా కారణం మారిపోయేది. ఒకసారి పాలవాడు పిలిచాడు, ఒకసారి పిల్లి వచ్చింది, ఒకసారి ఎవరో పేరు పెట్టి పిలిచిన స్వరం వినిపించింది. మూత ఎంత ఎగిరితే నాకేం? ఈమె బయటికి ఎందుకు వెళ్లింది? ఏళ్ల తరబడి అదే ఆలోచన.

డైరీల్లోంచి కథలు రాయడం మొదలుపెట్టినప్పుడు మొదట రాసింది అదే. పేర్లు పెట్టలేదు. ఒక కొత్త కోడలు. ముందుగదిలో భర్త, అతని స్నేహితులు భోజనానికి కూర్చున్నారు. ఆమె వండిన పప్పు చూసి భర్త అందరితో కలిసి నవ్వాడు. ఆమె మళ్లీ కుక్కర్ ఎక్కించి, పెరట్లోకి వెళ్లి, ఏడుపు లోపలికి వినబడకుండా నల్లా పూర్తిగా తిప్పి వదిలింది. ఆ నీళ్ల చప్పుడులో ఏడుస్తూ ఉండగా వెనక కుక్కర్ పేలింది. భర్త ఆమె పేరు పెట్టి అరుస్తూ ఆవిరిలోకి పరుగెత్తాడు. మూత పైకప్పుకి తగిలి కిందపడింది. (పట్టాల దాకా పంపడానికి నాకు ధైర్యం చాలలేదు.)

అలాంటివి డజను కథలు పోగయ్యాక, ఎవరికీ చెప్పకుండా, ఒక చిన్న ప్రచురణ సంస్థకి మెయిల్ చేశాను. పంపాక రెండు రోజులు జ్వరం వచ్చింది. నెలలు గడిచాక క్లినిక్‌లో ఉండగా ఒక ఆడగొంతు ఫోన్ చేసి, తాను ఆ సంస్థ సంపాదకురాలినని, కథలు బాగున్నాయని, పుస్తకం వేస్తామని చెప్పింది. అంత గొప్ప వార్తకి నేను ఇచ్చిన జవాబు "సరేనండి." ఆమె "సంతోషంగా లేదా అమ్మా?" అంది. "ఉందండి," అన్నాను. "కుక్కర్ కథతోనే పుస్తకం మొదలవ్వాలి," అంది. అప్పుడు కుక్కర్ ఆంటీ గుర్తొచ్చింది. ఆంటీ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆమె చదివితే? భర్త పోయిన మనిషి. ఆయన్ని నేను అందరి ముందూ నిలబెట్టి, నువ్వు నీ భార్యని చూసి నవ్వావు అన్నట్టుంటుంది కదా? నోటితో చెప్పలేక మెసేజ్ పెట్టాను, ఆ కథ తీసేద్దామా అని. వెంటనే జవాబొచ్చింది: "అది లేకపోతే మిగతావి పుస్తకంగా నిలబడవమ్మా. శనివారం సైనిక్‌పురిలో మా అక్క ఇంటికి వస్తున్నాను, అటునుంచి మీ ఇంటికి వస్తాను. కూర్చుని మాట్లాడుకుందాం." శనివారం మా ఇంట్లో కూడిక. వద్దండి, ఆదివారం రండి అని రాస్తే సరిపోయేది. నేను రాసింది "సరేనండి," కింద ఇంటి చిరునామా.

అప్పటికే ఇంకో పొరపాటు చేశాను. ఆనందం ఆపుకోలేక నాయనమ్మకి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను కూడా. నాయనమ్మ ఒట్టు తప్పలేదు. మనుషులకి చెప్పలేదు, దేవుడికి చెప్పింది. కాకపోతే కూడికలో, అందరూ కళ్లు మూసుకుని ఉండగా, గట్టిగా చెప్పింది. "ప్రభువా, మా పాప పుస్తకం పని నీ చేతుల్లో పెడుతున్నాం" అనగానే వీధి మొత్తం ఆమేన్ అంది. అంతే, మా కూడిక వాట్సాప్ గ్రూపులో నా పుస్తకం ప్రార్థన అంశమై కూర్చుంది. ఏం పుస్తకమో ఎవరికీ తెలియదు. కొందరు అది పాటల పుస్తకం అనుకున్నారు. ఒకామె నేను ఏదో పరీక్షకి చదువుతున్నాననుకుని, నాకు జ్ఞాపకశక్తి దయచేయమని ఉపవాసం ఉంది.

"నోరు మూసుకుంటానన్నావు కదే నాయనమ్మా!" అని ఏడిచాను.

"నేనెవరికి చెప్పానే? ఆయనకి చెప్పుకున్నాను. పక్కనోళ్లు చెవులు మూసుకోకపోతే నేనేం చేసేది?" అంది, పమిట సర్దుకుంటూ.

ఆ శనివారం సందేశం, అంటే వాక్యం మీద ప్రసంగం, ఇవ్వడానికి కొత్తగా ఒక దైవసేవకురాలు రావాలి. ఆమెను మావాళ్లు ఎవరూ చూడలేదు. తెలిసిందల్లా సైనిక్‌పురి నుంచి వస్తుందని. నేను వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తూ, సంపాదకురాలు వస్తే గుమ్మంలోనే ఆపి ఏం చెప్పాలో పెదాలు కదుపుతూ అభ్యాసం చేస్తున్నాను. 'మేడమ్, ఆ కథ వద్దు. ఆ కథ ఉంటే పుస్తకమే వద్దు.' నూనె చిటపటలో బయటి గంట వినబడలేదు. బజ్జీల పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే, ఫ్యాను కింద తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనక ఉన్న కుర్చీలో నేను వాళ్ల వెబ్‌సైట్ ఫోటోలో చూసిన మొహం. సంపాదకురాలు. భుజం మీద చేతిసంచి. చున్నీ ఎవరో తల మీదికి లాగి ఉంచారు. చాపల నిండా ఆంటీలు.

జరిగింది తరవాత తెలిసింది. తలుపు తీసిన నాయనమ్మ "సైనిక్‌పురి నుంచేనా అమ్మా?" అంది. ఆమె నిజమే చెప్పింది, "అవునండి, అక్కడినుంచే." "వందనాలమ్మా, మీకోసమే చూస్తున్నాం, రండి రండి," అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఆమె ఏమనుకుందంటే, పిల్ల మొదటి పుస్తకం అని ఇంట్లోవాళ్లు మురిసిపోయి వీధిని పిలిచి చిన్న సభ పెట్టారని. పాట కూడా పాడితే ఎవరు మాత్రం అలా అనుకోరు?

"ఇప్పుడు అమ్మగారు మనకి సందేశం ఇస్తారు," అంది నాయనమ్మ. ఒక్క మాట. నేను ఒక్క మాట అంటే ఆగిపోయేది. నోరు తెరిచాను. బజ్జీల పళ్లెం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"ఈ ఇంటి అమ్మాయి గురించి నేను చెప్పడం కంటే ఆమె రాసిందే వినిపిస్తాను," అంటూ సంపాదకురాలు సంచిలోంచి కాగితాలు తీసింది. మొదటి వాక్యంలోనే కుక్కర్ వచ్చింది. తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి, గోడకి ఆనుకుని కూర్చున్న కుక్కర్ ఆంటీ వైపు. ఆంటీ మొదట నవ్వింది. "అగో, నా ముచ్చటే!" అని పక్కామెను మోచేత్తో పొడిచింది. సంపాదకురాలు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా మావాళ్లు అలవాటు కొద్దీ "స్తోత్రం" అంటున్నారు. (ఇంత బాగా వినే శ్రోతలని తన జన్మలో చూడలేదని ఆమె ఇప్పటికీ అంటుంది.) ముందుగదిలో స్నేహితులు నవ్వారు. స్తోత్రం రాలేదు. ఆమె పెరట్లోకి వెళ్లి నల్లా తిప్పింది. స్టేషన్‌లో రైలు ప్రకటన మాత్రం వినబడుతోంది. పళ్లెం అంచు మీదుగా చూశాను. ఆంటీ నేలకేసి చూస్తూ గాజు తిప్పుకుంటోంది.

కథ అయిపోయింది. ఎవరూ ఆమేన్ అనలేదు. ఆంటీ లేచి, చాపల మధ్యలోంచి నడుచుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, నా మొహం ముందునుంచి పళ్లెం కిందికి దించింది.

"నీకెవరు చెప్పిర్రు?"

"ఎవరూ చెప్పలేదు ఆంటీ."

"మరెట్ల ఎరుకైంది?"

"అక్కడికొచ్చేసరికి మీరు... కిందికి చూస్తారు కదా ఆంటీ." నా జీవితంలో అంతమంది ముందు నేను అన్న మొదటి మాట అది. "కథ తీసేస్తానని చెబుదామనుకున్నాను. నిజంగా. పుస్తకం లేకపోయినా ఫర్వాలేదు."

"నల్లా కాదు," అంది ఆంటీ. "ఆ దినం నల్లా యాడొచ్చింది? బకెట్ల ఇన్ని నీళ్లుండె. చెంబుతోని తీసుడు, మళ్ల బకెట్లనే పోసుడు. గట్ల చప్పుడు చేసుకుంట ఏడ్చిన. అది దిద్దుకో."

"అలాగే ఆంటీ."

"ఇగ పేరు పెట్టి పిల్వలే ఆయన. ఎన్నడు పిల్వలే. 'ఓయ్, ఓయ్' అనుకుంట ఉరికొచ్చిండు. ఆవిర్ల చేతులు కాల్చుకున్నడు, నేను లోపట్నే ఉన్న అనుకుని." కొంగుతో ముక్కు తుడుచుకుని వెంటనే నడుం మీద చెయ్యి వేసింది. "గిదంత మంచిగనే రాసినవ్. గని ఆ మూత సంగతేంది? పైకప్పుకి తగిలి కింద పడ్డదా? ఇన్నేండ్ల సంది నేను చెప్తుంటే ఇంటలేవా? రేకు చీరుకొని పోయింది! గది సుత వెయ్యకపోతే నా కథ నాకియ్యి."

గది మొత్తం గొల్లున నవ్వింది. సంపాదకురాలు కళ్లు తుడుచుకుంటూ పెన్ను తీసి కాగితం మీద దిద్దింది. అప్పుడే అసలు దైవసేవకురాలు చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చి, "మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్కమ్మా, సందేశానికి ఆలస్యమైందా?" అంది. నాయనమ్మ ఆమెనీ ఈమెనీ మార్చి మార్చి చూసి, "సందేశం అయిపోయిందమ్మా, బజ్జీలున్నాయి," అంది.

ఒప్పందం మీద సంతకం ఆ బల్ల మీదే, తెల్లగుడ్డ పక్కకి జరిపి పెట్టాను. చుట్టూ ఆంటీలు. పెళ్లి రిజిస్టరులో సంతకానికి కూడా అంతమంది తొంగిచూడరేమో. "నా మీద ఏమన్న రాసినవా?" అని ఒకరి తరవాత ఒకరు నా చెవిలో అడిగి వెళ్లారు. రాయలేదంటే మొహం మాడ్చుకున్నారు.

పుస్తకం వచ్చింది. అందులో మూత రేకు చీల్చుకుని వెళ్తుంది. చింతచెట్టు దగ్గర రాజీపడ్డాం. ఆంటీ తన కాపీని వంటింటి అరలో పప్పు డబ్బాల పక్కన పెట్టుకుంది. ఇప్పుడు సాక్ష్యం చెబుతూ బయటికి వెళ్లిన చోటికి వచ్చినప్పుడు నేలకేసి చూడదు. "ఏడ్వనీకె పోయిన," అంటుంది సూటిగా, మా కళ్లలోకి చూస్తూ. మూత మాత్రం మళ్లీ పట్టాల వైపు బయలుదేరింది. మొన్న శనివారం అయితే గూడ్సు బండి మీద పడిందట.

నేనూ ఇప్పుడు అప్పుడప్పుడు నలుగురి ముందు మాట్లాడుతున్నాను. ఇంట్లో కుక్కర్ పెట్టినప్పుడు మాత్రం మొదటి కూత రాగానే బాల్కనీలోకి వెళ్లి నిలబడతాను, ఆంటీ సాక్ష్యం వినీ వినీ చిన్నప్పుడే అబ్బిన అలవాటు. అక్కడ నిలబడితే ఆ రోజు గుమ్మంలో బజ్జీల పళ్లెం వెనక దాక్కున్న పిల్ల కనిపిస్తుంది. నూనె కారి మోచేతి దాకా వచ్చినా కదలదు. పళ్లెం దించి ముందుకెళ్లి కూర్చోవే, నీ కథే చదువుతున్నారు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. సరేనండి అంటుంది, అక్కడే నిలబడుతుంది.