అవతలి గట్టున కొంగు లేస్తేనే

పులివెందులలో నేను పనిచేసే బ్యాంకు షట్టరు ఇంకా పూర్తిగా పైకి లేవలేదు, అత్త ఫోన్ వచ్చింది. "మీ మామ లేయల్యా, అమ్మీ. పిలిస్తే పలకల్యా. ముందే చెవుడు గదా అని దగ్గరికి పోయి ఇంగోసారి పిలిచినా," అని ఆగింది. ఆ తర్వాత చెప్పాల్సిన మాట ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయే బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

మామ మా అమ్మకు అన్న. జమ్మలమడుగు అవతల, పెన్న నీళ్లు నిలిచే జలాశయం వెనకనున్న పల్లెలో శనగ, జొన్న పండించుకునేవాడు. రైతుగా ఆయన అందరిలాంటి రైతే. అయితే ఆకాశంలో పోయే అడవి బాతులను కిందికి పిలవగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. బొటనవేలంత లావున్న పీకను పెదవుల మధ్య పెట్టుకుని ఊదేవాడు, అవి దిగేవి. ఈ మాట చదివి మీలో సగం మంది నమ్మరని తెలుసు. నేను కళ్లారా చూశాను గనక ధైర్యంగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, ఆ విద్య వేట కోసం నేర్చుకున్నదే. మామ వయసులో ఉన్నప్పుడు చలికాలం వస్తే ప్రొద్దుటూరు నుంచి తుపాకులున్న పెద్దమనుషులు జీపుల్లో వచ్చేవాళ్లట. వాళ్లు తుమ్మచెట్ల చాటున కూర్చుంటే మామ పీక ఊదేవాడు. తమవాళ్లే పిలుస్తున్నారనుకుని బాతులు దిగేవి. తుపాకీ ఆయన ఎన్నడూ పట్టలేదు. పట్టలేదు కాబట్టి ఆ పాపం తనకు అంటలేదని కూడా ఎన్నడూ అనలేదు. వేట ఎందుకు మానేశావు మామా అని ఒకసారి అడిగి, ఏదో పెద్ద మాట వస్తుందని ఎదురుచూశాను. "సట్టం వచ్చిందని భయపడి మానేసినా, అమ్మీ. జాలి శానా దినాలకు వచ్చింది," అన్నాడు. అంత నిజం చెప్పే మనిషితో వాదించడానికి ఏముంటుంది.

వేట మానినా పీకలు మానలేదు. ఆయన వక్కాకు తిత్తిలో వక్కలతో పాటు మూడు పీకలు ఉండేవి. ఒకటి ఎనుము, అదే గేదె, కొమ్ముతో చేసింది, ఒకటి చింతచేవతో, ఒకటి వెదురుతో. మూడింటికీ లోపల ఊదితే అదిరే తాటాకు నాలుక. ఏది పనికొస్తుందనేది ఆ పూట గాలిని బట్టి, నీళ్లను బట్టి తేల్చాలి. ఆ తేల్చేది మాత్రం మామ కాదు, అత్త.

అదెలా మొదలైందో అత్తే చెప్పేది, చెప్పిన ప్రతిసారీ కొంచెం ఉప్పూకారం ఎక్కువ వేసి. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో సంగటి ముద్ద, దాంట్లోకి చెనిగ్గింజల ఊరిమిండి పచ్చడి కట్టుకుని ఆయన దగ్గరికి పోతూ ఉందట. జలాశయం పాయకు ఇటు గట్టున మామ కొమ్ము పీక ఊదుతున్నాడు, అటు గట్టున ఈమె నడుస్తోంది. చేరుకోగానే, ఎనుము దూడకు జలుబు చేసిందా ఏంది అని అడిగిందట. మామకు మండిపోయింది. ఆ రోజు సంగటి కూడా సగమే తిన్నాడు. మరునాడు పీక వేరొకరి చేతికిచ్చి ఊదమని, తాను అవతలి గట్టుకు పోయి విన్నాడు. దూడే. జలుబు చేసిన దూడే.

అప్పటినుంచి అదే పద్ధతి. నీళ్ల పాయకు ఇటుపక్క మామ, అటుపక్క అత్త. బాతు గొంతు పలికితే అత్త కొంగు పైకెత్తుతుంది. పలకకపోతే చెయ్యి దించుకుని నిలబడుతుంది. కొంగు లేవని పీకను మామ మళ్లీ చెక్కేవాడు, నాలుక మార్చేవాడు, అప్పటికీ లేవకపోతే పొయ్యిలో వేసేవాడు. "ఊదేటోడు తన కూత తాను వినలేడు, అమ్మీ. వాని తలకాయలోనే మోగుతాది అది. అవతల గట్టునుండేటోళ్లు చెప్పల్ల," అనేవాడు. బ్యాంకులో ఖాతాదారుల మీద గొంతు లేచినప్పుడల్లా ఈ మాట నాకు గుర్తొచ్చి కొంచెం తగ్గుతుంటాను.

ఒక చలికాలం నేను గొప్పగా ఫోన్లో ఆర్డరు పెట్టి విదేశీ పీక ఒకటి తెప్పించి ఇచ్చాను. నల్లగా నిగనిగలాడుతోంది, మెడలో వేసుకోవడానికి తాడు కూడా ఉంది. మామ దాన్ని అల్లుణ్ణి చూసినంత మర్యాదగా చూసి, అత్తను అవతలికి పంపి ఊదాడు. అత్త చెయ్యి దించుకోవడంతో సరిపెట్టలేదు, ఏకంగా వెనక్కి తిరిగి నిలబడింది. నా మొహం చూసి మామ నొచ్చుకుని, ఇదీ బాతేగానీ వేరే దేశం బాతు, ఈడి మాట రాదు దీనికి అన్నాడు. మన బాతులు కూడా యాడినుంచో వచ్చినవే కదా మామా అన్నాను. వచ్చినాక ఈడి నీళ్లే తాగుతాయి గదా అన్నాడు. ఆ పీక ఇప్పటికీ వాళ్లింట్లో మేకుకు వేలాడుతోంది.

ఊరికే పిలవడం ఆయనకు ఇష్టం లేదు. చలికాలం మొత్తంలో ఏ కొద్దిసార్లో ఊదేవాడు. పిలిచిపిలిచి, దిగినాక అక్కడ ఏమీ లేకపోతే అవి మళ్లీ నమ్మవనేవాడు. దిగిన బాతులను కాసేపు చూసి, తువ్వాలు దులుపుకుని చేనికి పోయేవాడు.

తర్వాత చెవుడు వచ్చింది. మొదట బాతుల జవాబు వినపడటం పోయింది, తర్వాత మా మాటలు, చివరికి తన పీక కూడా. చెవికి మిషను పెట్టించాం. గాలి తప్ప ఏమీ వినపడలేదని తీసి గూట్లో పెట్టాడు. ఇక పీకల కథ ముగిసిందనే అందరం అనుకున్నాం. పోయిన చలికాలం ఒక ఆదివారం నేను అక్కడ ఉండకపోతే నేనూ అలాగే అనుకుంటూ ఉండేదాన్ని.

ఆ ఉదయం గొర్రెల కాపరి ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఊరి కుంటలో ఎవరో బాతుల కోసం విషం పట్టించిన వడ్లు చల్లారని, అప్పుడే కొన్ని చచ్చి తేలాయని, ఇంకో పెద్ద గుంపు వచ్చి పైన తిరుగుతోందని చెప్పాడు. ఊళ్లోవాళ్లు తప్పెట తీసుకుని పోయారు. అరిస్తే బాతులు లేస్తున్నాయి, ఒక చుట్టు తిరిగి మళ్లీ అదే కుంట మీదికి వాలబోతున్నాయి. కుంటలో నుంచి ఆ వడ్లు తోడిపోసేదాకా వాటిని ఎంతసేపని తరుముతారు. కాపరి చేతులతో సైగలు చేసి మామకు విషయం చెప్పాడు. మామ తిత్తి తీసి, అత్త వైపు చూశాడు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

కుంటకు కనుచూపు దూరంలోనే ఉన్న జలాశయం పాయ దగ్గర ఇటు మామ, ఆయన పక్కన తుమ్మచెట్టు కింద నేను. అత్త అవతలికి చేరేసరికి గుంపు కుంట మీద బాగా కిందికి వచ్చేసింది. మామ కొమ్ము పీక ఊదాడు. కొంగు లేవలేదు. చింతచేవది ఊదాడు. లేవలేదు. గాలి ఎదురుగా కొడుతోంది. వెదురు పీక నాలుక ఎండిపోయి ఉంది. ఆయన దాన్ని నోట్లో పెట్టుకుని తడుపుతూ కూర్చున్నాడు. తొందరపెడదామంటే వినపడదు. 

అప్పుడు ఊదాడు. కొంగు లేచింది.

ఆయన ఆకాశం వైపు చూడలేదు. పైకి చూస్తే మొహం మెరుస్తుందని, బాతులు బెదురుతాయని ఎప్పుడూ చూసేవాడు కాదు. అత్త చేతినే చూస్తూ ఊదాడు. కొంగు దిగితే ఆపాడు, లేస్తే మళ్లీ ఊదాడు. అది దిగినప్పుడల్లా పైనుంచి జవాబు వస్తోందని నాకు కాసేపటికి అర్థమైంది. ఆయన వినలేని జవాబును అత్త విని, చేత్తో ఆయనకు చెబుతోంది. గుంపు కుంట మీదినుంచి మావైపు వంగింది. మా మీదుగా వచ్చినప్పుడు రెక్కల చప్పుడు కొత్త పట్టుచీర మడత విప్పినట్టుంది.  నేను దేవుడి ఎదుట కూడా అంత భయభక్తులతో ఎప్పుడూ నిలబడలేదు. బాతులన్నీ వాళ్లిద్దరి మధ్యనున్న నీళ్లలో దిగాయి.

మామ ఇంకా అత్తనే చూస్తున్నాడు. ఆమె కొంగు దించి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆయన తల తిప్పి నన్ను అడిగాడు.

"దిగినాయా?"

నేను తలూపాను. ఎన్నో ఏళ్లు చావుకు పిలిచిన చోటే ఈసారి బతకడానికి పిలిచాడని ఇప్పుడు రాయగలను గానీ, అప్పుడు నాకు అది తోచలేదు. ఆయన నీళ్లవైపు చూస్తూ తువ్వాలుతో పీకను తుడిచి తిత్తిలో వేసుకున్నాడు. సాయంత్రానికి ఊరివాళ్లు కుంటలో వడ్లు తోడి గుంతలో పూడ్చారు.

మామ ఈ ఏడు బాతులు రాకముందే పోయాడు. పెద్దదినం కర్మ అయిన మరునాడు అత్త ఆ తిత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. వెదురుది తడుపుకుని ఊదు, నేను అవతలికి పోతాండా అంది. నాకు రాదత్తా అన్నాను. ఆయనకు మాత్రం పుట్టినప్పుడే వచ్చిందా, దూడ మాదిరి ఊదినాడు గదా అంది.

పాయలో నీళ్లు నిండుగా ఉన్నాయి. దూరంగా అప్పుడే వచ్చిన బాతులు కొన్ని తేలుతున్నాయి. తుమ్మచెట్టు కింద మామ కూర్చునే రాయి మీద కూర్చుని, నాలుక తడిపి ఊదాను. నా చెవులకు బాగానే ఉన్నట్టు అనిపించింది. అవతల అత్త కొంగు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఎత్తలేదు. మళ్లీ ఊదాను. ఎత్తలేదు. ఎండ ఎక్కింది, నా పెదవులు మండాయి, ఇక చాలని చెయ్యి ఊపాను. అత్త ఇంటివైపు తిరగలేదు. కొంగు చేతిలోనే పట్టుకుని, చెవి ఇటువైపు పెట్టి అలాగే నిలబడింది. నేను పీకను మళ్లీ నోట్లో పెట్టుకుని తడపడం మొదలుపెట్టాను.