మంగ రక్తం ఒప్పుకోని కిడ్నీ

మంగకు కిడ్నీ ఇచ్చింది ఆమె తమ్ముడు పరుశురాం. అది రెండేళ్లకు పైగా బాగానే పనిచేసి, ఒక వానాకాలంలో మెల్లగా ఆగిపోయింది. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ల మధ్య మంచిమాట అన్నది లేకుండా పోయింది.

ఇద్దరిదీ సిరిసిల్ల దగ్గర పల్లె. సూరత్‌కు ముందు వచ్చింది మంగే. మగ్గాల కార్ఖానాలో పనిచేసే సదానందాన్ని పెళ్లి చేసుకుని గోడాదరాలో ఒక గదిలో కాపురం పెట్టింది. చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకునేది. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పిలిపించుకుంది. పాండేసరలో రంగుల మిల్లులో పని చూపించింది, ప్రసన్నతో అతని పెళ్లి కూడా తనే కుదిర్చింది. మంగది మొదటినుంచీ కరుకు నోరు. చేసిన మేలు నలుగురిలో చెప్పుకునే అలవాటు కూడా ఉంది. పరుశురాం అదంతా భరించాడు. ఆమె కిడ్నీలు చెడిపోయినప్పుడు, ఎవరూ అడగకముందే నాది తీసుకోండి అన్నవాడూ అతనే.

ఇచ్చాక అతని బతుకు మారింది. తడిబట్టల మోపులు ఎత్తొద్దని, మరీ వేడి ఉన్నచోట నిలబడొద్దని డాక్టర్లు చెప్పారు. మిల్లువాళ్లు అతణ్ణి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. రంగు కలపడంలో చేయి తిరిగినవాడు లారీలకు గేటు తీసేవాడయ్యాడు. అక్క బతికింది కదా అనుకున్నన్నాళ్లు ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు. కిడ్నీ ఇక పనిచేయదని తెలిసినరోజు మాత్రం ఆస్పత్రి వరండాలో అందరూ వింటుండగా అనేశాడు.

"గోలీలు సక్కగ ఏసుకోలే నువ్వు. మీ అత్త దినాలకు ఊరికి పోయినవు సూడు, గప్పుడే ఇడిశిపెట్టినవు."

ఒక్క పూట కూడా తప్పలేదని మంగ పిల్లల మీద ఒట్టు వేసింది. అతను నమ్మలేదు. ఆమె ఊరుకోలేదు. దెప్పడానికి ఇచ్చిన కిడ్నీ ఒంట్లో ఎట్లా నిలుస్తుందని అడిగింది. ఆ మాటకు పరుశురాం చొక్కా పైకెత్తి పక్కటెముకల కింది కోత అందరికీ చూపించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మంగ మళ్లీ డయాలసిస్ మంచం ఎక్కింది. ఇంకో కిడ్నీ వెతుకుదామన్నా దారి దొరకలేదు. పరాయి కణాన్ని గుర్తుపట్టి దాని మీద పడే యాంటీబాడీలు ఆమె రక్తంలో విపరీతంగా పెరిగాయి. ఎవరి నమూనాతో కలిపి చూసినా రక్తం ఎదురు తిరిగింది. సదానందానిదీ పనికిరాలేదు, కడుపున పుట్టిన, ఈడొచ్చిన పెద్ద పిల్లలిద్దరివీ పనికిరాలేదు.

అట్లాంటి రోజుల్లో డయాలసిస్ కేంద్రానికి హేతల్ అనే పరిశోధకురాలు వచ్చింది. సూరతీ మనిషి, చిన్న వయసు, హిందీలో మెత్తగా మాట్లాడేది. పంది కిడ్నీని మనిషికి పెట్టే ప్రయత్నాలు పై దేశాల్లో జరుగుతున్నాయని, మనిషి ఒళ్లు దాన్ని తరిమికొట్టకుండా పంది జన్యువులనే మారుస్తున్నారని చెప్పింది. మంగలాంటి వాళ్ల రక్తం ఆ కణాలను చూసి ఏం చేస్తుందో తెలుసుకోవాలట. గొట్టంలో కాస్త రక్తం చాలు, ఒంట్లోకి ఏదీ ఎక్కించరు.

పంది మాట వినగానే చాలామంది తల తిప్పుకున్నారు. పక్క మంచం మీది నర్సింగం, ఆమె ఒప్పుకుంటే తన మంచం మార్చమని నర్సుకు చెప్పాడు. మంగ అతని వైపు చూస్తూనే చేయి చాచింది.

"సొంత తమ్మునిది తిన్న రక్తమిది. ఎవలకన్న పనికొస్తే తీస్కపో," అంది హేతల్‌తో. నర్సింగం మంచం నిజంగానే మార్పించుకున్నాడు.

కొన్ని వారాలకు హేతల్ నవ్వుతూ వచ్చింది. మనుషుల కణాల మీద అంతగా విరుచుకుపడే మంగ రక్తం, మార్చిన పంది కణాలను దాదాపు ముట్టలేదట. అంటే ఎవరి కిడ్నీ సరిపడని రోగులకు కూడా ఒకనాటికి దారి ఉండొచ్చు.

అయితే నాకు పెడతారా అని మంగ అడిగింది. హేతల్ నవ్వు తగ్గింది. ఇక్కడ ఇప్పట్లో కాదంది. పై దేశాల్లో పెట్టించుకున్నవాళ్లు కొద్దిమందే, అందులో కొన్ని నెలలకే తీసేయాల్సి వచ్చినవీ ఉన్నాయంది.

"మరి నాకెందుకు జెప్తున్నవమ్మా?" అని మంగ గోడవైపు తిరిగి పడుకుంది.

కడుపులో దాచుకోవలసిన మాటను ఆమె ఇంటికి వెళ్లి సదానందానికి చెప్పింది. గుమ్మం దగ్గర దారాలు కత్తిరిస్తున్న ఆడవాళ్లు విన్నారు. గోడాదరా నుంచి పాండేసరకు చేరేలోపు అది, తమ్ముడి కిడ్నీని చంపి పంది కిడ్నీకి ఒప్పుకుందన్న మాటగా మారింది. నీళ్ల కుళాయి దగ్గర ఒకామె తన బిందె దూరంగా జరుపుకుంది. మంగ ఆ బిందెను కాలితో తన్ని, నీళ్లు పట్టుకుని వచ్చింది.

రాఖీ పున్నమి వచ్చింది. పోవద్దని సదానందం అన్నా, కట్టకపోతే తప్పు తనదవుతుందని మంగ పాండేసర బయలుదేరింది. మార్కండేయ గుడిలో కొత్త జంధ్యం వేసుకుని పరుశురాం అప్పుడే ఇంటికి వచ్చాడు. కులపోళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. మంగ రాఖీ చేతిలో పట్టుకుని ముందుకు వెళితే అతను చేయి వెనక్కి తీసుకున్నాడు.

"తోడబుట్టినోని పేగు నీకు పడలే. పంది పడ్డది. గా పందికే కట్టుకో పో."

ప్రసన్న లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. మంగ రాఖీని అక్కడే గడప మీద పడేసి, బస్సు కోసం నిలబడే ఓపిక లేక ఆటో ఎక్కింది. దారంతా ఏడవలేదు. ఇంటికి వచ్చాక చిన్నకూతురిని కారణం లేకుండా కొట్టింది.

పరుశురాం అక్కడితో ఆగలేదు. మరుసటి వారం డయాలసిస్ కేంద్రానికి వచ్చి హేతల్‌ను నిలదీశాడు. గోలీలు మానేయడం వల్లే తన కిడ్నీ చచ్చిందో కాదో రక్తం చూసి చెప్పాలన్నాడు. మంచం మీదినుంచి మంగ కూడా అదే అడిగింది, చెప్పమంది. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒక్కటయ్యారు.

హేతల్ చెప్పలేనంది. మందులు మానితే ఇట్లాగే అవుతుంది, మానకపోయినా కొందరికి ఇట్లాగే అవుతుంది. మంగకు మూడు కాన్పులు, ఒక గర్భం పోవడం, రక్తం ఎక్కించడం, వీటితోనే ఆ యాంటీబాడీలు మొలకెత్తి ఉండొచ్చు. ఏది ముందో రక్తం చెప్పదు.

పరుశురాం నమ్మలేదు. తన రక్తం కూడా తీసుకొమ్మని, అక్క రక్తంలో కలిపి ఏమవుతుందో తన కళ్లకు చూపించమని పట్టుబట్టాడు. పోలిక కోసం మనుషుల కణాలు ఎట్లాగూ కావాలి కనుక హేతల్ పైవాళ్ల అనుమతి అడిగింది. చూపించడానికి మంగ అభ్యంతరం చెప్పలేదు.

పరీక్ష పూర్తయ్యాక ఇద్దరినీ ప్రయోగశాలకు పిలిచారు. కంప్యూటర్ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి. బతికిన కణం పచ్చగా, చచ్చినది ఎర్రగా కనబడుతుందని హేతల్ చెప్పింది. రెండింటి మీదా పోసింది మంగ రక్తంలోని తేటే. పంది కణాల బొమ్మ పచ్చగా ఉంది, అక్కడక్కడ ఎర్రచుక్క. పరుశురాం కణాల బొమ్మ అంతా ఎరుపు.

అతను తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు.

"అన్నీ నాయేనా?" అని అడిగాడు. హేతల్ తల ఊపింది.

"నేను సంపలే తమ్మీ," అంది మంగ. "నాకు తెల్వకుంట అయ్యింది."

"ఎవలు సంపితేంది, పోయింది నాది." అతను ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "నీ కోసం నా చెయ్యి ఇరిగినట్టయ్యింది. గేటు కాడ కుక్క తీరు కూసుంటున్న."

మంగకు జవాబు నోటిదాకా వచ్చింది. ఆ పని ఇప్పించింది ఎవరు, ఆ ఊళ్లో నిలబెట్టింది ఎవరు అని అడగాలనుకుంది. తెర మీది ఎరుపు చూసి ఊరుకుంది. ఆమె ఊరుకోవడం అతనికి ఇంకా కోపం తెప్పించినట్టుంది. తలుపును గట్టిగా నెట్టి వెళ్లిపోయాడు.

వాళ్లు కలవలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిద్దామని కులపెద్ద గంగారాం వెళితే, ఇంకోసారి ఆ పేరు ఎత్తొద్దని పరుశురాం మిల్లు గేటు దగ్గరినుంచే పంపేశాడు. అయితే గోలీలు మానేసిందన్న మాట మాత్రం అతను మళ్లీ ఎక్కడా అనలేదట. ఇప్పుడు ఎవరైనా అడిగితే, దాని రక్తమే అసొంటిదని అంటున్నాడట. ఈ సంగతి సదానందం వచ్చి చెప్పినప్పుడు మంగ కత్తెర పక్కన పెట్టి, సరిగ్గా ఏమన్నాడో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఒడిలోని చీర మడిచి, అన్నం తిన్నావా అని మొగుణ్ణి అడిగింది.