గాజులమ్మ ముందు వసుంధర

తెలిసిన నిజాన్ని అయినవాళ్ల దగ్గర దాచిపెట్టడం ప్రేమా, పిరికితనమా? యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర చదివే వసుంధర విషయంలో ఇది ఇప్పటికీ తేలలేదు. పెనుకొండ వీధుల్లో పాతరాయి కనిపిస్తే చాలు, ఆ పిల్ల కాళ్లు ఆగిపోతాయి. సీసాలో నీళ్లు చిలకరించి, చున్నీతో తుడిచి, తడి ఆరేలోగా చెక్కిన గీతలన్నీ వేలితో వెతుక్కుంటుంది. జనం నవ్వినా వినిపించుకోదు.

శ్రావణంలో రొద్దం దగ్గరి సొంతూరికి వచ్చినప్పుడు మాత్రం ఆ వేలు ముడుచుకుపోయింది. రెండు కడుపులు పోయి మళ్లీ నిండు నెలలతో ఉన్న అక్క పుష్పావతిని, అవ్వ గంగక్క చేనిగట్టు మీది గాజులమ్మ రాయికి మొక్కించడానికి తీసుకుపోతే, వసుంధర కూడా వెంట పోయింది. రాతిలో పైకెత్తిన ఆడచెయ్యి, దాని నిండా గాజులు. అలాంటిది భర్త చితిలో కాలిపోయిన ఇల్లాలికి గుర్తుగా నిలిపిన రాయని వసుంధర మొన్ననే క్లాసులో నేర్చుకుంది.

“చెయ్యెత్తి దీవిస్తాండాది చూడు తల్లి,” అంది అవ్వ. “ఏమే వసుంధరా, అంత సదువు సదువుతాండావు, ఈయమ్మ కత మీ బుక్కుల్లో ఉండాదా?”

“చెప్పే, నాకు రోంత ధైర్యంగా ఉంటాది,” అంది అక్క.

వసుంధర నోరు తెరిచింది. “గాజులు... గాజులు బాగా చెక్కినారక్కా.”

“అది నాకూ కనపడ్తాండాదిలే! దానికి యూనివర్సిటీ కావల్లనా?”

అవ్వ మాటకు అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తూ వసుంధర కూడా చేతులు జోడించింది. అక్కను దీవించమని వేడుకుంటోందో, కాలిపోయినామెను క్షమాపణ అడుగుతోందో తనకే తెలియలేదు. అవ్వ కొత్త గాజులు అక్క చేతికి తొడుగుతుండగా, ఆ చేతిలో రాతిలోని చెయ్యే కనిపించి, వసుంధర పోయొస్తానని కూడా చెప్పకుండా, పెనుకొండ బస్సు వచ్చే రోడ్డు వైపు నడిచిపోయింది.