అక్క ‘పాయె’ అనలేదు

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఆ రోజు మూడో పెనం పొయ్యి మీది నుంచి దిగింది. టైం నాకు ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం మా మామ. నిజామాబాద్‌లో కొన్న జేబు గడియారం ఒకటి ఆయన దగ్గర ఉండేది. బెల్లం పెనం దిగినప్పుడల్లా దాన్ని తీసి, టైం పైకి చదివి, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. బెల్లం ఎప్పుడు దిగిందో నిమిషాలతో సహా చెప్పే మనిషి, తన పెద్దకొడుకు చచ్చాడో బతికాడో మాత్రం చెప్పలేకపోయాడు. చెప్పలేకపోయాడని ఊరు అనుకుంది. నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోవడం లేదు.

అప్పటికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఇంకా రాలేదు. చెరుకు కోసిన వెంటనే గానుగ కాడికి తెచ్చి, ఎడ్లతో ఆడించి, రసం పెద్ద పెనంలో పోసి బెల్లం వండేవాళ్ళం. అక్కా నేనూ ఒకే ఇంటి కోడళ్ళం. అన్నకు అక్కను, తమ్ముడికి నన్ను ఇచ్చారు. గానుగ కాడ పొయ్యి పని మా ఇద్దరిది. రసం పిండగా మిగిలిన చెరుకు పిప్పిని ఎండబెట్టి, పిడికెడు పిడికెడుగా పొయ్యిలోకి తోయాలి. మంట ఎక్కువైతే పాకం మాడుతుంది, తక్కువైతే ముద్ద కట్టదు. ఆ మంట తెలిసింది అక్కకే. నేను పక్కన ఉండి పిప్పి అందించేదాన్ని.

బావ, అంటే అక్క పెనిమిటి, అంతకు రెండేళ్ళ ముందు వానాకాలంలో మంజీర దాటుతూ పోయాడు. నిలవ ఉన్న బెల్లం అవతలి అంగట్లో అమ్ముదామని పుట్టిలో బయలుదేరితే నడి ఏట్లో పుట్టి తిరగబడింది. తోటివాళ్ళు ఒడ్డుకు ఈదారు. బావ తేలలేదు. వరద తగ్గేదాకా రెండు ఒడ్లూ వెతికారు, శవం దొరకలేదు. కొన్నాళ్ళకు ఒక పుకారు వచ్చింది. అవతలి అంగట్లో ఒక మరాఠీ వ్యాపారి ఆయనలాంటి మనిషిని చూశానన్నాడట. ఎవరితో అన్నాడో ఎవరికీ తెలియదు. మా మామకు అది చాలింది.

మా కులంలో మారుమనువు తప్పు కాదు. మగడు పోయిన పిల్లను అడిగేవాళ్ళుంటే, అత్తగారింటివాళ్ళు నలుగురి ముందు “మావాడు పాయె, పిల్లను విడిచినం” అంటే సరిపోతుంది. మోర్తాడ్ దిక్కు పసుపు పండించే ఇంట్లో భార్య పోయిన ఒకాయన ఉన్నాడు. వాళ్ళు అక్కను అడిగారు. అక్క ఒప్పుకుంది. బాపు, అంటే మా నాన్న, రెండుసార్లు వచ్చి మా మామ ముందు కూర్చున్నాడు.

“నా కొడుకు సచ్చిండని ఎవడు సూసిండు? సూసినోడు ఉంటే తోల్కరా, నీ బిడ్డను తోల్కపో” అన్నాడు మామ, రెండుసార్లూ.

బాపు మెత్తని మనిషి. రెండుసార్లూ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఇక కత సంగతి. ప్రతి ఏడాదీ చెరుకు ఆడే కాలంలో కత చెప్పే తాత ఒకాయన రుద్రూర్ దిక్కు నుంచి వచ్చేవాడు. ఒక్కో గానుగ కాడ కొన్నాళ్ళుండి, సాయంత్రం పెనం దించాక బెల్లం చల్లారేదాకా చెప్పేవాడు. ఒక్కో కత ఏళ్ళ తరబడి సాగేది. అప్పుడు నడుస్తున్న కతలో ఇనుప గోళ్ళ మాంత్రికుడు ఒకడు. మనుషుల నీడలు కోసుకుపోతాడు. నీడ పోయిన మనిషి ఇంట్లో తిరుగుతున్నా ఇంట్లోవాళ్ళ కంటికి ఆనడు. రాజు చిన్నబిడ్డ నీడ అట్లా పోతే, దాన్ని తేవడానికి గొర్లు కాసే పిల్లవాడు బయలుదేరుతాడు. ఆ నీడకూ మా ఇంటికీ పోలిక కట్టడం సులువే. నేను కట్టను. తాతకు మా ఇంటి సంగతి తెలియదు, ఆయన కత ఆయన చెప్పాడు.

తాత చెప్పే ఏ కతకైనా ఒక కట్టు ఉండేది. దుర్మార్గుడు చచ్చిన రోజు, విన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే లేచి పిడికెడు పిప్పి పొయ్యిలో వేసి “పాయె” అనాలి. అందరూ అంటేనే వాడు చచ్చినట్టు. ఒక్కరు అనకపోయినా వాడికి ఊపిరి ఉన్నట్టే, కత చివర వచ్చే పెండ్లి దాకా తాత నడపడానికి లేదు. పెండ్లి చెప్పిన రోజు కొత్త బెల్లం అందరికీ పంచేవాళ్ళు కాబట్టి, “పాయె” అనడానికి వెనకాడినవాళ్ళను నేను ఎన్నడూ చూడలేదు.

ఆ సాయంత్రం గొర్లు కాసే పిల్లవాడు మాంత్రికుణ్ణి ఏటి నడుమ పట్టుకున్నాడు. పడవ పగిలింది.

“వాని ఇనుప గోళ్ళే వానికి బరువైనయి. మునిగిండు. మీద నీళ్ళు మూసుకున్నయి” అని తాత చేతులు కట్టుకున్నాడు.

గానుగ తోలే ఆయన ముందుగా లేచాడు. “పీడ పాయె. నాలుగేండ్ల సంది సావక సంపిండు” అంటూ పిప్పి వేశాడు.

“మల్ల లేస్తే ఎట్లరా?” అంది పొరుగింటి అవ్వ.

“లేస్తే నీ ఇంటికే తోలుత అవ్వా, ఒక్కదానివే పంటున్నవు గద, తోడుంటడు.”

అవ్వ వాణ్ణి చెరుకు ముక్కతో కొట్టి, తానూ పిప్పి వేసింది. “పాయె.” నా పెనిమిటి వేశాడు. ఊరి పెద్దలు ఇద్దరు బెల్లం రుచి చూడడానికి వచ్చి ఉన్నారు, వాళ్ళూ వేశారు. మామ లేచి, వేసి, “పాయె” అని చెయ్యి దులుపుకున్నాడు. నేనూ అన్నాను. మిగిలింది అక్క.

అక్క పొయ్యి ముందు కూర్చునే ఉంది. పిప్పి వేస్తూనే ఉంది, నాలుగో పెనంలో అప్పటికే రసం పోశారు కాబట్టి. మాట మాత్రం అనలేదు.

“ఏసింది, ఏసింది. ముందుకు చెప్పు తాతా” అన్నాడు గానుగ తోలే ఆయన.

“ఏసింది గని మాట అనలే” అన్నాడు తాత. “అను బిడ్డా.”

“నేననను” అంది అక్క.

“ఎందుకనవు?”

“వాడు సచ్చిండని ఎట్లంటరు? శవం ఎవరన్న సూసిన్రా?”

నా పెనిమిటి నవ్వాడు. “కతల శవమేంది వదినె?”

“నీళ్ళల్ల మునిగినోడు సచ్చినట్టు గాదంటరు గద మనింట్ల. శవం సూసినోడు ఉంటెనే సచ్చినట్టంటరు. మరి వీన్నెవరు సూసిన్రు? ఎవరూ సూడకుండనే ఇంతమంది పాయె అంటిరి.”

కోడలు మామ ముందు నోరెత్తే ఇల్లు కాదు మాది. అక్క కొంగు నెత్తి మీదే ఉంది, కళ్ళు పొయ్యి మీదే ఉన్నాయి. గొంతు కూడా పెంచలేదు.

“దానికీ దీనికీ ముడి పెట్టకు” అన్నాడు మామ. “నా కొడుకు బతికున్నడు. నా పానానికి తెలుసు.”

“పెత్రమాసకు బాపనయ్యకు ఇచ్చే బియ్యం నాతోనే కొలిపించినవు గద మామా” అంది అక్క. “మీ నాయిన పేరు మీద ఒకటి, మీ అవ్వ పేరు మీద ఒకటి, మీ అన్న పేరు మీద ఒకటి. ఇంకో కొలత పొయ్యుమంటివి. అది ఎవరి పేరు మీద?”

పెత్రమాస అంటే ఇంట్లో చచ్చినవాళ్ళ పేరున బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ బియ్యం మూట కట్టింది నేను. నాలుగు కొలతలు నేనూ చూశాను.

ఊరి పెద్దలు ఇద్దరూ బెల్లం వైపు చూశారు. మామ జేబులోంచి గడియారం తీశాడు.

“నాలుగున్నరాయె. పాకం చెడుతది, పని సూడుండ్రి” అన్నాడు.

అంతే. కొడుకు పేరు మీద బియ్యం ఇచ్చిన మనిషి, ఆ మాట అడిగితే గడియారం చూసుకున్నాడు. తండ్రి ప్రాణం అట్లాగే ఉంటుంది, ఒప్పుకోలేదు పాపం అని తర్వాత చాలామంది నాకు నచ్చజెప్పారు. నేను ఆలోచించకపోలేదు. ఒప్పుకోని తండ్రి కొడుకు చెప్పులు జీతగానికి ఇవ్వడు. కొడుకు కట్టుకునే వెండి మొలతాడు కరిగించి తనకు కడియం చేయించుకోడు. ఆయన ప్రాణం ఒప్పుకుంది. ఒప్పుకున్నానని నలుగురి ముందు అంటే పొయ్యి కాడి మనిషి పోతుంది, అందుకే అనలేదు. అక్క చేసే పనికి ఇద్దరు కూలివాళ్ళు కావాలి. దీన్ని ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాదు, అవసరమూ లేదు.

తాత తన సంచీ సర్దుకున్నాడు.

“పటేలా, మాంత్రికుడు బతికున్నడు. కత ముందుకు పోదు” అన్నాడు మామతో.

“ఒక్క ఆడిమనిషి అనకుంటె కత ఆగుతదా?” అన్నాడు మామ.

“ఆగుతది. కూసోని ఇంటున్ననాడు ఆమెను లేసిపొమ్మనలే గద మీరు. విన్నోళ్ళందరు అనాలె.”

ఆ ఏడాది మా గానుగ కాడ పెండ్లి లేదు, పంచుడు బెల్లం లేదు. ఉగాదికి ముందు బాపు మూడోసారి వచ్చి నలుగురు పెద్దలను కూర్చోబెట్టాడు. ఆ నలుగురిలో ఇద్దరు, మా పొయ్యిలో పిప్పి వేసి “పాయె” అన్నవాళ్ళే. ఏటిలో మునిగిన మాంత్రికుడు చచ్చాడని వాళ్ళకు ఏ అనుమానమూ రాలేదు. ఏటిలో మునిగిన మనిషి సంగతి అడిగితే, “శవం దొరకంది మేమెట్ల చెప్తం, ఇంకొన్నాళ్ళు సూద్దాం” అన్నారు. పెత్రమాస బియ్యం మాట బాపు ఎత్తాడు. “గవి ఇంటి ముచ్చట్లు” అన్నారు. మోర్తాడ్‌వాళ్ళు ఉగాది దాకా ఆగి, వేరే పిల్లను చేసుకున్నారు.

మరుసటి ఏడు తాత వచ్చాడు. మాంత్రికుడు ఏటి అడుగున తుంగ వేళ్ళు పట్టుకుని ఉన్నాడని, కిందికి కొట్టుకుపోయి ఇంకో రాజ్యంలో లేచాడని కత ఎత్తుకున్నాడు. వినేవాళ్ళకు లోపల సంతోషమే. పైకి మాత్రం అక్కను దెప్పేవాళ్ళు. “నీ పున్నెమాని వాడు మల్ల లేసిండు. ఇంకెన్ని నీడలు కోస్తడో!” అంది అవ్వ.

“లేవనీ అవ్వా. వాడన్న లేసిండు” అంది అక్క.

ఆ తర్వాత ఫ్యాక్టరీ వచ్చింది. చెరుకు బండ్లు బోధన్ తోవ పట్టాయి. మా గానుగ ఒక ఏడాది అరకొరగా ఆడింది, తర్వాత ఆగిపోయింది. పెనం తీసుకుపోయి పశువుల కొట్టంలో బోర్లించారు. అక్కను పొలం పనికి మార్చారు. పొయ్యి పోయింది కదా, ఇప్పుడైనా విడుస్తారేమో అని నేను అనుకున్నాను. అప్పటికి అడగడానికి బాపు లేడు.

తాత చివరిసారి వచ్చినప్పుడు గానుగ కాడ ఎవరూ లేరు. నేరుగా ఇంటికి వచ్చాడు. నీళ్ళు ఇస్తే తాగి, అరుగు మీద కూర్చున్నాడు. మామ మంచం మీద ఉన్నాడు, జబ్బుగా.

“ఏ గానుగా ఆడుతలేదు. ఇగ నేను రాను బిడ్డా” అన్నాడు అక్కతో. “కత నడుమల ఇడిసి పోబుద్ధి అయితలేదు. ఇప్పుడన్న అంటవా?”

అక్క మంచం దిక్కు చూసింది.

“ముందు మా మామను ఆయన కొడుకు మాట అననీ తాతా. ఆయన ఎనక నేనంట.”

మామ విన్నాడు. తాత ఆయన దగ్గరికి జరిగాడు. మామ గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. ఆ జబ్బు తగ్గి చాలా ఏళ్ళు బతికాడు, అనకుండానే పోయాడు. ఆయన పోయినప్పుడు పదో రోజు దాకా నీళ్ళు మోసింది అక్క.

పోయిన నెల అక్క పోయింది. ఆమెకు పసుపు పూసి, పెద్ద బొట్టు పెట్టి, చేతుల నిండా గాజులు వేశారు. ముత్తైదువ చావట. ఊళ్ళో కోడళ్ళు వరుసగా వచ్చి కాళ్ళు మొక్కారు, ఆమె నుదుటి కుంకుమ తీసి తాళిబొట్టుకు అద్దుకున్నారు. మగని కంటే ముందు పోయిన పుణ్యాత్మురాలన్నారు. మగడెక్కడ అని అడిగాను. “ఉన్నట్టే గద చిన్నవ్వా” అంది ఒక కోడలు, నన్ను ఓదారుస్తున్నట్టు. బతికినన్నాళ్ళూ మగడు లేకుండా చాకిరీ చేయించుకుని, చచ్చాక మగడున్న ఆడదని మొక్కారు. ఈ మొక్కు ఆమెకు చేసిన మర్యాద అని నన్ను నమ్మమంటున్నారు. ఆమె ఒక్క మాట అడిగింది. అది మూడక్షరాలు కూడా లేదు.

మాంత్రికుడు చచ్చాడా, ఎక్కడన్నా దాక్కున్నాడా అని మా మనవలు అడుగుతుంటారు. కట్టు ప్రకారం వాడు చావలేదు. విన్నవాళ్ళలో ఒకరు అనలేదు, ఇక అనబోరు.

ఇప్పుడు మా దిక్కు ఎవరూ ఇంటి గానుగ ఆడించరు. పొయ్యి ముందు కూర్చుని కత వినరు. పిప్పి వేసి “పాయె” అనరు.