తనంతట తానే మారిన తేదీ

యానాం నుంచి నన్ను పుదుచ్చేరి ప్రధాన కార్యాలయానికి సిస్టమ్స్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. చేరింది ఒక జూన్ నెల మొదటి సోమవారం. శాఖ పేరు చెప్పను. సిస్టమ్స్ అసిస్టెంటు అంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. గుమస్తాలకు పైన, సూపరింటెండెంటుకు కింద, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికంటే ముందు పిలుపు అందుకునేవాడు.

చేరిన నెలలోనే సూపరింటెండెంటు ఒక తలనొప్పి చెప్పుకొచ్చారు. మా ఆఫీసులో ఎవరూ ఉత్తరాన్ని కొత్తగా మొదలుపెట్టరు. పాత ఉత్తరం తెరిచి, పేరూ విషయమూ మార్చి, వేరే పేరుతో సేవ్ చేస్తారు. తేదీ మార్చడం మరిచిపోతారు. ఆగస్టులో రాసిన ఉత్తరం జనవరి తేదీతో వెళ్లిపోతుంది. దీనికేదైనా మందు వెయ్యమన్నారు.

వేశాను. కొత్త డాక్యుమెంటు తెరిచినప్పుడల్లా కంప్యూటరు ఏ నమూనాతో మొదలుపెడుతుందో దాన్ని డిఫాల్ట్ టెంప్లేట్ అంటారు. అక్షరాల సైజు, మార్జిన్లు, శాఖ పేరు అన్నీ అందులోంచే వస్తాయి. అందులో తేదీ ఉండాల్సిన చోట నేను ఒక ఫీల్డు పెట్టాను, అంటే కంప్యూటరే నింపే గడి. ఇందులో రెండు రకాలు. ఒకటి ఆ ఫైలు పుట్టిన రోజును చూపిస్తుంది. రెండోది ఎప్పుడు తెరిస్తే ఆ రోజు తేదీ చూపిస్తుంది. పెట్టాల్సింది మొదటిది, నేను పెట్టింది రెండోది. తేడా తెలియక కాదు, ఆలోచించక. ఒక్కసారి దీనితో మొదలుపెట్టండి, తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు కాపీ చేసుకోండి అని అందరికీ చెప్పాను. మెచ్చుకున్నారు కూడా.

మా సెక్షనులో వి. కమల అని డేటా ఎంట్రీ ఆపరేటరు ఉండేది. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. పుదుచ్చేరిలోనే కోసపాళయం మనిషి. తాతల నాడే వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. నేను తెలుగువాణ్నని తెలిసిన రోజు నుంచి సార్ అనడం మానేసి అన్నా అంది. నేను వచ్చిన మూడో ఏడు పర్మనెంటు చెయ్యాల్సినవాళ్ల జాబితా ఒకటి తయారైంది. అందులో మొదటి పేరు ఆమెదే.

ఆ ఏడాదే కిరుమాంబాక్కంలో ఒక దుకాణదారు తన లైసెన్సు రద్దు చేశారని మా శాఖ మీద కోర్టుకెక్కాడు. రద్దు ఉత్తర్వు నకలు కోర్టు అడిగింది. ఫైల్లో ఉండాల్సిన సంతకం కాపీ కనబడలేదు. కంప్యూటరులోంచి ఒకటి తియ్యమని సూపరింటెండెంటు కమలకు చెప్పారు. ఆమె తీసి ఇచ్చింది. ఆయన 'నిజ ప్రతి' అని ముద్ర వేసి, చదవకుండానే సంతకం పెట్టి పంపారు. దుకాణదారు దగ్గరున్న అసలుది ఫిబ్రవరి తేదీతో ఉంది. మేం పంపినది సెప్టెంబరు తేదీతో ఉంది. రెంటిలో ఏది నిజమో, ఎవరు మార్చారో చెప్పమంది కోర్టు. ఎవరిదో తేలని తప్పు ఆఫీసుల్లో చివరికి కాంట్రాక్టు మనిషిదవుతుంది. ప్రభుత్వ రికార్డు దిద్దినందుకు నిన్నెందుకు తొలగించకూడదో చెప్పమని కమలకు షోకాజు మెమో ఇచ్చారు.

మెమో పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరకొచ్చింది. "నేను తేదీని ముట్టనే లేదన్నా. తెరిచినాను, ప్రింటు కొట్టినాను, అంతే. ఏందన్నా ఇది, యాడ మారింది?"

ఆమె ముందే ఫైలు తెరిచాను. ఈసారి అది అక్టోబరు తేదీ చూపించింది. తేదీ మీద నొక్కితే గడి బూడిద రంగుకు తిరిగింది. నా ఫీల్డే. ఫైలు వివరాల్లో చూస్తే చివరిసారి సేవ్ చేసింది ఫిబ్రవరిలో. ఆ తర్వాత దాన్ని ఎవరూ దిద్దలేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తప్పు నీది కాదు, నేను చేసిన టెంప్లేటుది అని చెప్పాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే నా ఉద్యోగం పోదు కదన్నా," అంది. పోదన్నాను.

ఒక పేజీ సాంకేతిక నివేదిక రాసి డిప్యూటీ డైరెక్టరు గారికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. దీన్ని కోర్టులో పెడితే మూడేళ్లుగా మన కంప్యూటర్ల నుంచి తీసిన ప్రతి నకలూ అనుమానంలో పడుతుంది, ఆ మెమో నీ పేరు మీదికి మారుతుంది, సరేనా అని అడిగారు. గొంతు పెంచలేదు. ముందు టెంప్లేటు సరిచెయ్యి, నివేదిక సంగతి తర్వాత చూద్దాం అన్నారు. నాకు భయం వేసింది. ఆ రోజు సాయంత్రంలోగా అన్ని కంప్యూటర్లలోనూ టెంప్లేటులోంచి ఆ ఫీల్డు తీసేసి, తేదీ చోటు ఖాళీగా వదిలేశాను. నివేదిక వెనక్కి తీసుకున్నాను.

విచారణకు వేరే శాఖ నుంచి ఒక అధికారి వచ్చారు, తమిళుడు. ఈ కంప్యూటరు తనంతట తానే తేదీ మారుస్తుందా అని నన్నడిగారు. కొత్త డాక్యుమెంటు తెరిచి చూపించాను. తేదీ చోటు ఖాళీగా ఉంది. "ఇప్పుడైతే మార్చదండి," అన్నాను. ఆయన 'మార్చదు' అని రాసుకున్నారు. 'ఇప్పుడైతే' అన్న మాట రికార్డుకెక్కలేదు, ఎక్కించమని నేనూ అడగలేదు. టెంప్లేటు మార్చినంత మాత్రాన దానితో అప్పటికే తయారైన ఉత్తరాలు మారవు. పాతది ఏది తెరిచినా తేదీ కదిలేది. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

గోడవార కూర్చున్న కమల నావైపు తిరిగి తెలుగులో అంది. "ఆ పాతది తెరిచి చూపించన్నా."

ఏమంటోందని అధికారి అడిగారు. భయపడుతోందండీ అని తమిళంలో చెప్పాను.

కమలకు తమిళం నాకంటే బాగా వచ్చు. నేను చెప్పింది విన్నది. తనే అధికారితో చెప్పుకోవచ్చు కదా అని మీరనవచ్చు, నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకుని నెపం ఆమె మీదికి నెట్టాను. ఆమె మళ్లీ నోరు తెరవలేదు. వారం తిరక్కుండా తొలగింపు ఉత్తర్వు వచ్చింది. సూపరింటెండెంటుకు హెచ్చరిక కూడా లేదు. నాకు మరుసటి ఏడు ప్రమోషను వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, మా దగ్గర ఆ పిడికిళ్లన్నీ ఒక్కరి ఒళ్లోనే పోశాం.

కొన్నేళ్లకు విల్లియనూరులో ఒక జిరాక్సు దుకాణంలో కనిపించింది. కంప్యూటరు ముందు కూర్చుని ఎవరికో అర్జీ టైపు చేస్తోంది. తేదీ దగ్గర చుక్కలు పెట్టి వదిలేసి, అది మీరే చేత్తో రాసుకోండి అని అతనికి తమిళంలో చెబుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. "ఏం కావాల సార్?" అంది. కాపీలు తీయించుకుని వచ్చేశాను.

పదవీ విరమణ రోజున నా తర్వాత వచ్చినాయనకు ఫోల్డర్లు అప్పగిస్తుంటే ఆమె తొలగింపు ఉత్తర్వు కంటబడింది. తెరిచాను. అది కూడా అలవాటు ప్రకారం పాత షోకాజు మెమోనే తెరిచి, పైన రెండు వాక్యాలు మార్చి చేసినది. నా ఫీల్డు అందులో అలాగే ఉంది. కమలను తొలగించిన తేదీ అని నా పదవీ విరమణ తేదీనే చూపించింది. మూసేసి, పాస్‌వర్డుల జాబితా ఆయన చేతికిచ్చి, హాల్లోకెళ్లి దండ వేయించుకున్నాను.

అడిగినంతవరకే జవాబు చెప్పడం ఆఫీసుల్లో తెలివి అనిపించుకుంటుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది, అలా చెప్పిన జవాబూ అబద్ధమేనని. ఆ ఫైలు ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. ఎవరు ఏ రోజు తెరిచినా, కమలను ఆ రోజే తీసేసినట్టు చూపిస్తుంది.