ఏడూ నలభై మూడుకి పడిన హాజరు

మూడేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో ఆయనకి చెప్పలేదు. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా, ఈ మాట నోటిదాకా వచ్చేసరికి వేరే చిన్నచిన్న పాపాలేవో ఏరుకుని చెప్పుకుని లేచి వచ్చేశాను. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. రేపు ఎక్కడైనా ఎదురుపడినా ఈవిడేనని అనుకోలేరు. ఆ ధైర్యం చాలు నాకు.

నేను బడిపంతులమ్మని. నాకు ముక్కుమీద కోపం. పిల్లల మీద చూపించను, రోడ్డు మీద చూపిస్తాను. నలభైలో వెళ్ళొచ్చని బోర్డు పెట్టిన దారిలో పదిహేనులో ఈడ్చుకుంటూ పోయేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోయేది. అద్దాలు ఎత్తేసుకుని, రోడ్డు నీ బాబుదా అని లోపల్లోపలే అరిచేదాన్ని. కారు దిగితే మాత్రం మహా మర్యాదస్తురాలిని.

మా అమలాపురం పోయే కాలువగట్టు రోడ్డు అలాంటిది. ఎడమపక్క కాలువ, కుడిపక్క చేలు, మధ్యలో ఒకటిన్నర బండి పట్టే దారి. ముందువాడు దయతలచి తప్పుకుంటేనే మనం దాటేది. నా ముందు వారానికి మూడు రోజులు సూర్యారావు గారి పాత తెల్ల కారు ఉండేది. ఆయన రిటైరైన పోస్టుమాన్, డెబ్భై దాటిన మనిషి. భార్య మంగతాయారు గారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పొద్దున్నే డయాలసిస్‌కి తీసుకెళ్ళేవారు. పదిహేను. మహా అయితే ఇరవై.

ఎందుకంత మెల్లిగా నడిపేవారో నాకు తెలియదనుకునేరు. తెలుసు. అదే కదా నా బాధ. ఒకసారి పెట్రోలు బంకు దగ్గర, నేను అడక్కుండానే, తప్పు చేసినవాడిలా ఆయనే చెప్పుకున్నారు. చక్రం గోతిలో పడితే ఆవిడకి వాంతులవుతాయట, సూదులు గుచ్చే చెయ్యి సలుపుతుందట. అయ్యో పర్లేదండీ అన్నాను. నవ్వాను కూడా. రెండు రోజులకే మళ్ళీ ఆయన వెనక హారను కొట్టాను. ఒక మనిషి కష్టం తెలిసీ ఆ మనిషి మీదే ఒళ్ళు మండుతుందా? మండుతుంది. నాకు మండింది.

అవి ఒంటిపూట బడుల రోజులు. ఏడూ నలభై ఐదులోపు బడి ఆవరణలో నిలబడి ఫోనుకి ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు దాటిపోయి, రెండుసార్లూ సంజాయిషీ రాసిచ్చాను. మూడోసారి రాయాల్సివస్తే తల కొట్టేసినట్టవుతుందని తిట్టుకుంటూనే ఇల్లు కదిలాను. వంతెన దిగేసరికి ఎదురుగా తెల్ల కారు.

దాళ్వా కోతలు, అదే రెండో పంట వరికోతలు, అయిపోయాయి. చేలవైపు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టారు. కాలువకి నీళ్ళు కట్టేసి, అడుగున పూడిక తీసి గట్టు మీద పోశారు. ఆ పూడిక సంగతి ఇక్కడ పుట్టిన వాళ్ళెవరికైనా తెలుసు. పైన ఎండి, బీటలు తీసి గట్టిగా కనిపిస్తుంది. లోపల పచ్చి బురద. మనిషి నడవొచ్చు గానీ చక్రం పెట్టకూడదు. అటు ధాన్యం తొక్కకూడదు, ఇటు పూడిక ఎక్కకూడదు. అందుకని సూర్యారావు గారు ఆ మధ్య సందులో పోతున్నారు. పదిలో పోతున్నారు.

హారను కొట్టాను. చెయ్యి తియ్యకుండా కొట్టాను. దాదాపు తగిలేంత దగ్గరికి పోయి, పట్టపగలు లైట్లు వేసి ఆర్పుతూ కొట్టాను. మంగతాయారు గారు వెనక్కి తిరిగి నన్ను చూశారు. కోప్పడినా బాగుండేది. ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పారు. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వెళ్ళండి వెళ్ళండి అన్నట్టు ఊపుతూ కారుని ఎడమకి తీశారు.

ధాన్యం మీదికి తియ్యొచ్చు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. తియ్యరు. ఒకళ్ళ పంట తొక్కే మనిషి కాదు. దారి అడిగితే ఇవ్వకుండా ఉండగలిగే మనిషీ కాదు. నా చక్రాల కింద ధాన్యం కరకరలాడింది, నేను దాటేశాను. అద్దంలో తెల్ల కారు కాలువవైపు ఒరిగిపోవడం చూశాను. చూడలేదని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను. నా కాలు బ్రేకు మీదికి వెళ్ళలేదు.

హాజరు పడింది. ఏడూ నలభై మూడు.

మధ్యాహ్నం తిరిగొస్తుంటే ట్రాక్టరుకి కట్టి కారుని లాగుతున్నారు. మంగతాయారు గారిని కూతురు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. సూర్యారావు గారు నుదుటికి కట్టుతో గట్టు మీద కూర్చున్నారు. కొడుకు ఆయన మీద ఎగిరిపడుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"టీచరుగారూ, పొద్దున్న మీరూ ఇటే వెళ్ళేరు కదండీ? ఏమైందో చూసేరాండీ?"

"లేదండీ. నేను ముందే వెళ్ళిపోయేనండి."

అక్కడితో ఆగొచ్చు కదా? ఆగలేదు.

"పెద్దాయనకి చూపు ఆనట్లేదేమోనండి. ఈ వయసులో ఇంక స్టీరింగు ఇవ్వకూడదండి."

సూర్యారావు గారు తలెత్తి చూశారు. ఆ హారను ఎవరిదో ఆయనకి తెలియదా? నా కారు తెలియదా? ఇప్పుడు చెప్పేస్తారు, అయిపోయింది నా పని అనుకున్నాను.

"ఆయ్," అన్నారు. "టీచరుగారు చెప్పింది నిజమేనండి. నాకే ఆనలేదు."

ఆ సాయంత్రమే కొడుకు తాళాలు పట్టుకుపోయాడు. నెల తిరక్కుండా కారు అమ్మేశాడు. ఆవిడ ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టారు. పదిహేనులో నడిపే ఓపిక ఏ ఆటోవాడికుంటుంది? ప్రతి గోతికీ వాంతి. వారానికి మూడుసార్లు వెళ్ళేవారు రెండుసార్లకి వచ్చారు, వానలు పట్టాక ఒకసారికి. గోదారి వరద తియ్యకముందే పోయారు. ఆ జబ్బుతో ఎన్నాళ్ళుంటార్లే అని ఊళ్ళో అందరూ అన్నారు. నేనూ అన్నాను, ఈ నోటితోనే. నా వల్లే పోయారా? ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. తేలకపోతే బతికిపోయాననుకున్నాను గానీ, తేలకపోవడమే నన్ను పీక్కు తింటోంది.

చెబుదామని వాళ్ళ వీధి మలుపుదాకా ఎన్నోసార్లు వెళ్ళాను. చెబితే ఏం వస్తుంది? ఆవిడ వస్తారా? అమ్మ నీ డ్రైవింగు వల్లే పోయిందని కొడుకు ఆ తండ్రిని అన్న మాట వెనక్కి వస్తుందా?

ఇప్పుడు ఆయన సైకిలు మీద తిరుగుతున్నారు. మొన్న సోమవారం అదే గట్టు మీద నా ముందున్నారు. నేను పదిలో పోతున్నాను. హారను కొట్టలేదు, దాటే ఉద్దేశమూ లేదు. అయినా చప్పుడుకి వెనక్కి చూసి, నన్ను గుర్తుపట్టి, గబగబా దిగి సైకిలుని, ఈ ఏడు అప్పుడే తీసిపోసిన పచ్చి పూడిక మీదికి లాగి నిలబడ్డారు. చెప్పులు కూరుకుపోతున్నాయి. అద్దం దించాను. నిజంగా చెప్పేద్దామనే దించాను.

"వెళ్ళండి టీచరుగారూ, బడికి టైమైపోద్దండి," అన్నారు చెయ్యి ఊపుతూ.

వెళ్ళిపోయాను.

ఇది చదివి నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సినవాళ్ళలో ఒకరు లేరు, ఇంకొకరికి దారి తప్పుకోవడమే తప్ప వేరే ఏదీ రాదు. చూశాను అని మాత్రం ఇవాళ రాయగలిగాను. అంతే.