ఘాటు రాని తాలుకాయలు

ఇవాళ పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తుంటే మనవరాలు దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తింది. నేను మాత్రం ఆ ఘాటులోనే నిలబడి, పర్చూరు దగ్గరి మా పల్లెలో, యాభైల చివర్లో, మాఘమాసపు ఎండకు మిరపకల్లాలు ఎర్రగా పరుచుకున్న రోజుల్లోకి వెళ్ళిపోయాను.

ఆడవాళ్ళందరూ తలగుడ్డలు చుట్టుకుని, తుమ్ముకుంటూ, ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటూ కాయలు ఏరేవారు. నిగనిగలాడే ఎర్రకాయలు గుంటూరు వెళ్ళే గోతాల్లోకి, తెల్లమచ్చలు పడి గింజ చచ్చిన తాలుకాయలు మా ఇంటి కుండలోకి. పిల్లలకు జబ్బు చేస్తే మా నాయనమ్మ ముందుగా మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసేది. ఘాటుకు అందరూ దగ్గితే అది రోగం, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఘాటు రాకపోతే దిష్టి. అది ఆ కాయలతోనే పోయినట్టు.

మొదట మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నాయనమ్మ తానే కల్లానికి వెళ్ళి గుప్పెడు ఎర్రకాయలు తెచ్చింది.

"కుండలో తాలుకాయలున్నాయిగా అత్తా," అంది అమ్మ.

"మగపిల్లోడికి తాలుకాయలేంటే, బుద్ధుందా?"

నిప్పుల్లో పడగానే ఇల్లంతా దగ్గు. "దిష్టి కాదురా, రోగమే! బండి కట్టు!" అని నాయనమ్మ కేక వేసింది. నాన్న వాణ్ణి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వారం తర్వాత వాడు నాన్న భుజం మీద బత్తాయి చీకుతూ తిరిగొచ్చాడు.

మరుసటి ఏడు, అదే కల్లాల వేళ, మూడేళ్ళ మా చెల్లి కోటమ్మకు అదే జబ్బు చేసింది.

"మంచియ్యి ముట్టుకోమాక! తాలుకాయలు పట్రా," అని నాయనమ్మ నన్ను పంపింది.

తెచ్చాను. నిప్పుల్లో చిటపటలాడాయి, అంతే. ఎవరూ దగ్గలేదు.

"చూశావా? అంతా దిష్టే. ఆడపిల్ల గట్టిపిండం, రేపటికి లేచి గెంతుద్ది," అని నాయనమ్మ నవ్వింది. అమ్మ మొహం కూడా తేటపడింది.

సాయంత్రానికి చెల్లి కళ్ళు గుంటలు పడ్డాయి. "అక్కా, నీళ్ళు," అంది. నీళ్ళు తాగితే విరేచనాలు ఎక్కువవుతాయని నన్ను ఇవ్వనివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం నాన్న బండి కడుతుండగానే పోయింది.

పదిరోజుల తర్వాత కుండలోని తాలుకాయలు నాలుగు తీసి, ఎవరికీ దిగదుడవకుండా, ఉత్తినే పొయ్యిలో వేశాను. ఘాటు రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బడి చదువు ఐదుతో ఆగినా, పర్చూరు లైబ్రరీలో దొరికిందల్లా చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో ఉన్న జనాభా లెక్కలు కూడా. ఏ వయసులో ఎందరు పోయారో మగవాళ్ళకొక వరుస, ఆడవాళ్ళకొక వరుస. పాత పట్టికల్లో పాలు మానిన వయసు దగ్గర ఆడపిల్లల అంకె పెద్దది; పురుళ్ళ వయసులోనూ అంతే. తాలుకాయలని రాసుకునే గడి మాత్రం ఏ పట్టికలోనూ లేదు.

రానురాను ఆ తేడా తగ్గింది. తమ్ముడు డెబ్బై ఏళ్ళు బతికి నిరుడు పోయాడు. మా ఈడువాళ్ళలో ఇప్పుడు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళమే ఎక్కువ మిగిలాం. వాళ్ళలో కోటమ్మ లేదు. జ్వరం వస్తే నిప్పులను అడిగేవాళ్ళూ లేరు, అసలు ఇళ్ళలో నిప్పులే లేవు.

"చాల్లే అమ్మమ్మా, ఆపు!" అని మనవరాలు గుమ్మంలోంచి దగ్గుతూ అరిచింది.

ఇంకో నాలుగు కాయలు వేశాను. ఆ దగ్గు వింటేనే నా ప్రాణం కుదుటపడుతుంది.